ఇనుము మీది అక్షరాలు

పోయిన నెల కార్బురేటర్ల మీద రాసింది చదివి మా బావమరిది డల్లాస్ నుంచి ఫోన్ చేశాడు. "పరిగెత్తించడం సరే బావా, ముందు అది ఆగుతుందో లేదో చూసుకున్నావా?" అన్నాడు. వెటకారానికే అన్నాడు. నేనూ నవ్వేశాను. ఫోన్ పెట్టేశాక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే ఒకసారి అది ఆగలేదు. ఆ సంగతి ఇక్కడ రాయలేదు, చాలా రోజులు ఇంట్లో కూడా చెప్పలేదు.

షెడ్డు కబుర్లు కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మా ఇంట్లో 1972 నాటి దాట్సన్ 240జెడ్ ఒకటి ఉంది. జపాన్‌లో దీన్ని ఫెయిర్‌లేడీ జెడ్ అని అమ్మారు. అమెరికాలో నిస్సాన్ వ్యాపారం చూసిన యుటాకా కటయామాకి ఆ పేరు నచ్చక ఇక్కడ 240జెడ్ అని పెట్టించాడు. 1970లో కొత్తది 3,526 డాలర్లు. 2.4 లీటర్ల ఇంజను, వరుసగా ఆరు సిలిండర్లు, పొడవాటి ముక్కు, రెండే సీట్లు. మా వీధి చివర ఉండే పెద్దాయన కొత్తగా కొని నలభై ఏళ్ళకు పైగా నడిపాడు. మోకాళ్ళు క్లచ్ తొక్కనివ్వక నాకు అమ్మాడు. తిరుపతిలో ఉన్న మా నాన్నకి చెప్తే, "దాట్సనా? మన పక్కింటోళ్ళు కొన్నారే, ఆ చిన్న కారా?" అన్నాడు. నిస్సాన్ 2013లో ఆ పేరును మళ్ళీ లేపి మన దేశంలో దాట్సన్ గో అమ్మింది కదా, ఆయన మనసులో ఉన్నది అది. ఫొటో పంపాక, "ఇదేందిరా, కూర్చుంటే మళ్ళీ లేచేటట్టు లేదే" అన్నాడు.

ఇక ఆ ఆదివారం సంగతి.

ఫిబ్రవరిలో మా అమ్మాయిని ఎక్కించుకుని మౌంట్ హ్యామిల్టన్ వెళ్ళాను. శాన్‌హోసే తూర్పున ఉన్న కొండ అది. పైన లిక్ అబ్జర్వేటరీ. దానికి సామాను చేరవేయడానికి 1876లో రోడ్డు వేశారు. గుర్రపు బళ్ళు ఎక్కాలి కాబట్టి వాలు తక్కువ, మలుపులు ఎక్కువ. పైన సుమారు 4,200 అడుగుల ఎత్తు. ఎక్కడం హాయిగా ఉంటుంది. ఇంజను పాడుతుంటే మలుపు తర్వాత మలుపు తిప్పుకుంటూ పోవడమే.

దిగేటప్పుడు మొదటి పెద్ద దిగుడు స్మిత్ క్రీక్ వంతెన దాకా ఉంటుంది. నేను ఉత్సాహంలో ప్రతి మలుపు ముందూ బ్రేక్ తొక్కుకుంటూ దిగాను. సగం దిగాక పెడల్ కాస్త మెత్తగా అనిపించింది. ఇంకో రెండు మలుపులకి ఇంకా మెత్తబడింది. ఆ తర్వాతి మలుపు ముందు తొక్కితే పాదం నేరుగా నేలను తాకింది. కింద ఏమీ లేదు. తడి గుడ్డ మీద కాలేసినట్టు ఉంది.

గబగబా నాలుగైదుసార్లు తొక్కాను. కొంచెం పట్టింది. రెండో గేరులోకి దింపాను. ఇంజను అరిచింది. హ్యాండ్‌బ్రేక్ లాగాను. మలుపు దాటాక రోడ్డు పక్కన కాస్త చోటు కనిపిస్తే అందులోకి తిప్పి ఆపాను. పక్కన లోయ. మా అమ్మాయి చెవుల్లోంచి పాటల తీగ తీసి, "ఏమైంది నాన్నా?" అంది.

"ఏం లేదు. ఇక్కడ్నుంచి వ్యూ బాగుంటుంది" అన్నాను.

గంటసేపు ఆ వ్యూ చూశాం. పెడల్ మళ్ళీ గట్టిపడింది. రెండో గేరులోనే, బ్రేక్ దాదాపు తాకకుండా ఇంటికి చేరాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నిద్ర పట్టని మగాడు ఏం చేస్తాడో మీకు తెలుసు. ఫోన్ తీసి సామాన్లు కొన్నాడు.

240జెడ్ ఉన్నవాళ్ళకి చాలా ఏళ్ళుగా తెలిసిన చిట్కా ఒకటుంది. ఈ కారుకి ముందు చక్రాలకి వచ్చే క్యాలిపర్లలో రెండేసి పిస్టన్లు ఉంటాయి, గర్లింగ్ పద్ధతిలో సుమిటోమో చేసినవి. 1979 నుంచి 1985 దాకా వచ్చిన టొయోటా పికప్ ట్రక్కుల్లో, నాలుగు చక్రాలకీ డ్రైవు ఉన్న రకానికి, నాలుగేసి పిస్టన్ల క్యాలిపర్లు వచ్చాయి. వాటి బోల్టు రంధ్రాలు దాట్సన్ వాటితో అచ్చం సరిపోతాయి. వేరే కంపెనీ ట్రక్కు సామాను ఈ స్పోర్ట్స్ కారుకి కుట్టించిన చొక్కాలా కూర్చుంటుందన్నమాట. ఖరీదు పెద్దగా ఉండదు. నాలుగు పిస్టన్లు అనే మాట వినడానికే బలంగా ఉంటుంది. లోయ చూసొచ్చిన మనిషికి ఆ బలమే కావాలి.

మర్నాడు నాన్నకి ఫోన్ చేశాను. ఆయన ఆర్టీసీలో మెకానిక్‌గా రిటైరయ్యాడు. ఎక్కువ కాలం తిరుమల కొండెక్కే బస్సుల మీదే పనిచేశాడు. ఊరికే క్షేమం అడగడానికి చేసినట్టు చేసి, మెల్లగా, "నాన్నా, ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ పట్టకపోతే కారణం ఏమై ఉంటుంది?" అన్నాను, ఎవరో స్నేహితుడి సంగతి అన్నట్టు.

ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. "పెడల్ లోపలికి పొయ్యిందా? లేకుంటే పెడల్ రాయి మాదిరి నిలబడి బండి ఆగలేదా? రెండూ ఒకటి కాదు" అన్నాడు.

"లోపలికి పోయింది."

"మీ స్నేహితుడు ఆయిల్ ఎప్పుడు మార్చినాడంట?"

నా దగ్గర జవాబు లేదు. మూడేళ్ళలో సీట్లు మార్చాను, కార్బురేటర్లు రెండూ విప్పి కడిగాను, గుండ్రటి అద్దాలు జపాన్ నుంచి తెప్పించాను. బ్రేక్ ఆయిల్ డబ్బా మూత ఒక్కసారీ తీయలేదు. ఫోన్ పెట్టేసి వెళ్ళి తీశాను. లేత తేనె రంగులో ఉండాల్సిన ఆయిల్ చిక్కటి డికాషన్‌లా ఉంది.

ఇది చాలామందికి తెలియని సంగతి కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. మనం పెడల్ తొక్కితే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని నెడుతుంది, ఆయిల్ క్యాలిపర్‌లో పిస్టన్‌ని నెడుతుంది, పిస్టన్ ప్యాడ్‌ని తిరిగే డిస్క్ మీదికి నొక్కుతుంది. ఇదంతా జరిగేది ద్రవం నొక్కితే నలగదు కాబట్టి. కానీ బ్రేక్ ఆయిల్‌కి ఒక గుణం ఉంది. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో డబ్బాలో ఉప్పులాగా. డాట్-3 ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నియమం. 3.7 శాతం నీళ్ళు చేరాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్-4కి ఇవే అంకెలు 230, 155. కొండ దిగుతూ అదేపనిగా బ్రేక్ తొక్కితే ఆ వేడి క్యాలిపర్‌లోకి పాకుతుంది. నీళ్ళు చేరిన ఆయిల్ మరిగి ఆవిరి అవుతుంది. ఆయిల్ నలగదు, ఆవిరి నలుగుతుంది. కాలు ఎంత తొక్కినా ఆవిరిని నలపడానికే సరిపోతుంది, ప్యాడ్ దాకా ఏమీ చేరదు. చల్లారాక ఆవిరి మళ్ళీ ద్రవమవుతుంది, పెడల్ తిరిగొస్తుంది. నేను గంటసేపు వ్యూ చూసినప్పుడు జరిగింది అదే.

నాన్న అన్న రెండో రకం వేరు. పెడల్ గట్టిగానే ఉంటుంది, ప్యాడ్లో లైనర్లో వేడికి పట్టు కోల్పోతాయి. కాలిన వాసన వస్తుంది. దానికి మందు వేరు.

అంటే నాకొచ్చిన జబ్బుకి నాలుగు పిస్టన్లు మందు కాదు. ఒక సీసా ఆయిలు, ఒక మధ్యాహ్నం పని. నీళ్ళు చేరిన పాత ఆయిల్ అలాగే ఉంచి ఎంత పెద్ద క్యాలిపర్ బిగించినా అదే మలుపులో మళ్ళీ నేల తగిలేది. పైగా ఈసారి పెద్ద బ్రేకులు ఉన్నాయన్న ధీమాతో ఇంకా వేగంగా దిగేవాణ్ణి.

క్యాలిపర్ల ఆర్డర్ రద్దు చేద్దామనుకున్నాను. చక్రాలు విప్పి చూశాక మనసు మార్చుకున్నాను. ఎడమ క్యాలిపర్‌లో ఒక పిస్టన్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. ఒక పక్క ప్యాడ్ అరిగి రేకు బయటపడబోతోంది, రెండో పక్కది కొత్తదానిలా ఉంది. జోడెద్దుల్లో ఒకటి నిలబడిపోతే రెండోదే బండి లాగినట్టు. పాతవాటిని బాగు చేయించడమో, టొయోటావి వేయడమో, ఏదో ఒకటి తప్పదు. టొయోటావే అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఇందులో అవసరం సగం, సరదా సగం.

వారంలో రెండు అట్టపెట్టెలు వచ్చాయి, సామాన్ల కొట్టుకి వెళ్ళి తెచ్చుకున్నాను. రెండిటి మీదా ఒకే వాహనం పేరు, ఒకే సంవత్సరాలు. ఒకటి ఎడమ, ఒకటి కుడి. ఇవి కొత్తగా పోసినవి కావు. పాత క్యాలిపర్లు విప్పి, కడిగి, సీళ్ళు మార్చి మళ్ళీ అమ్ముతారు. మన పాతవి వెనక్కిస్తే కొంత డబ్బు తిరిగిస్తారు. కాబట్టి పెట్టెలోకి ఏ బండి నుంచి ఊడిన ఇనుము వచ్చిందో పెట్టెకి తెలియదు.

ఆ శనివారం రాత్రి ఎడమ పక్కది బిగించేశాను. బోల్టులు వేళ్ళతోనే ఎక్కాయి. డిస్క్ వెనకున్న రేకు మాత్రం కొత్త క్యాలిపర్ ఒంటికి తగులుతుంటే ఆ మేర కత్తిరించాను. గాలి ఊపు మీదుంది. కుడి పక్కది చేతిలోకి తీసుకుని, రంధ్రాలు కలిపి, ఒక బోల్టు ఎక్కించి, రెండోది తిప్పుతున్నాను. మా అమ్మాయి టార్చి పట్టుకుని కూర్చుంది. నలభై దాటిన కళ్ళు కదా, షెడ్డులో చదవాల్సిందేమైనా ఉంటే తనే చదువుతుంది.

"నాన్నా, ఆ పక్కదాని మీద ఎస్12+8 అని ఉంది. దీని మీద ప్లస్ ఎయిట్ లేదు. ఎస్12డబ్ల్యూ అని ఉంది."

"పోత మారి ఉంటుందిలే. రంధ్రాలు సరిపోయాయి చూడు" అన్నాను. స్పానర్ ఆపలేదు కూడా.

"తాతకి చూపిద్దాం" అంది. అడగలేదు, చెప్పింది. ఫోన్ తీసి వీడియో కలిపేసింది. అక్కడ పొద్దున పదకొండు.

నాన్న కళ్ళజోడు పెట్టుకుని, ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు. దాట్సన్ గురించి ఆయనకేం తెలియదు, టొయోటా ట్రక్కుల గురించి అంతకన్నా తెలియదు. "రెండూ ఒక తల్లి బిడ్డలేనా?" అని మాత్రం అడిగాడు.

"పెట్టె మీద ఒకటే రాసి ఉంది నాన్నా."

"పెట్టె మీద రాసేది అమ్మేవాడు. ఇనుము మీద రాసినోడు పోసినవాడు. వాడు ఉత్తపుణ్యానికి అక్షరం మార్చడు. దాన్ని ఊడదీసి డిస్కు యాడ కూర్చుంటాదో చూపియ్యి."

ఊడదీశాను. బల్ల మీద పెట్టి, డిస్క్ దూరే సందు కొలిచాం. ఎడమదానికంటే కుడిదాని సందు బాగా వెడల్పు. విషయం అప్పుడు తేలింది. ఎస్12+8 గట్టి డిస్క్‌కి, అంటే ఒకే పలకగా ఉన్న డిస్క్‌కి చేసింది. 240జెడ్ డిస్క్ అలాంటిదే: 271 మిల్లీమీటర్ల వ్యాసం, 12.5 మందం, 10.5కి అరిగితే పారేయాలి. ఎస్12డబ్ల్యూ తర్వాతి రోజుల ట్రక్కులది. రెండు పలకల మధ్య గాలి ఆడే ఖాళీ ఉన్న మందపాటి డిస్క్‌కి చేసింది. డబ్ల్యూ అంటే వెడల్పు అని గుర్తు పెట్టుకుంటే చాలు. దాన్నీ ఈ కారుకి వేసేవాళ్ళున్నారు. కాకపోతే మందపాటి డిస్కులు తెచ్చి, హబ్‌కి మధ్య స్పేసర్ వేసి, రెండు పక్కలా కలిపి వేయాలి.

నేను చేయబోయినట్టు సన్నటి డిస్క్ మీద వెడల్పు క్యాలిపర్ బిగిస్తే ఏమవుతుంది? మొదటిరోజు ఏమీ కాదు. అదే దాని ప్రమాదం. పిస్టన్లు ఆ ఖాళీ అంతా దాటుకుని బయటికి వచ్చి ప్యాడ్లను డిస్క్‌కి ఆనిస్తాయి. బ్రేక్ పడుతుంది. వీధిలో తిప్పి చూసుకుని సంబరపడతాం. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ఇంకా ఇంకా బయటికి రావాలి. ఒకరోజు సీలు అంచు దాకా వచ్చేస్తుంది. ఆయిల్ అంతా ఒక్క తొక్కుడుకి బయటికి చిమ్ముతుంది. ఆ రోజు వీధిలోనే వస్తుందని హామీ ఏమీ లేదు. కొండ మీద కూడా రావచ్చు.

నాన్న ఇంకేమీ అనలేదు. "టార్చి పట్టుకున్న బిడ్డ కండ్లు బాగున్నాయి" అన్నాడంతే.

సోమవారం కొట్టుకి తీసుకెళ్ళాను. కౌంటర్లో ఉన్న కుర్రాడు మర్యాదస్తుడే, కానీ కంప్యూటర్ వైపే చూస్తున్నాడు. "సార్, నంబర్ ఇదే" అన్నాడు. ఇనుము తిప్పి అక్షరాలు చూపించాను. ఇంకో పెట్టె తెచ్చాడు, అందులోనూ డబ్ల్యూనే. మూడో పెట్టెలో ప్లస్ ఎయిట్ దొరికింది. కాబట్టి ఎవరైనా కొనబోతుంటే నా మాట వినండి. కౌంటర్ దగ్గరే పెట్టె విప్పండి. రెండిటి మీదా పోసిన అక్షరాలు చదవండి. రెండిటినీ పక్కపక్కన పెట్టి సందు చూడండి. గాలి తీసే నిపుల్ ఒక్కోదానికి ఎటు ఉందో చూసుకోండి. బిగించాక అది పైవైపే ఉండాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేస్తే అదీ చక్కగానే బిగుస్తుంది. నిపుల్ కిందికి పోతుంది, గాలి పైన చిక్కుకుంటుంది, ఎన్నిసార్లు తొక్కినా పెడల్ స్పాంజిలానే ఉంటుంది.

బిగించడం గురించి పెద్దగా చెప్పేది లేదు. స్ట్రట్‌కి ఉన్న పాత బోల్టులు తుప్పు తింటే కొత్తవి వేయాలి, మాన్యువల్‌లో ఉన్నంత టార్కే వేయాలి. క్యాలిపర్‌కి వచ్చే ఇనుప గొట్టం మర సరిపోతుంది గానీ, దాని వంపు మార్చాలి. చేత్తో, ఓపిగ్గా, నలగకుండా. వంచాక స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, రబ్బరు గొట్టం ఎక్కడా లాగకుండా, టైరుకి తగలకుండా చూడాలి. ఆ తర్వాత చక్రం తగిలించి చేత్తో తిప్పాలి. ఈ క్యాలిపర్ పాతదానికంటే లావు కాబట్టి, రిమ్ము లోపల అతికించిన బ్యాలెన్స్ బరువులు గీసుకుంటాయేమో చెవిపెట్టి వినాలి. ఒక సుఖం మాత్రం ఉంది. ఇందులో ప్యాడ్లు రెండు పిన్నులు లాగితే వచ్చేస్తాయి, క్యాలిపర్ విప్పక్కర్లేదు.

గాలి తీసే పని ఇద్దరిది. ఏప్రిల్‌లో నాన్న వస్తున్నాడు కదా అని ఆగాను. సూట్‌కేసులోంచి ఆయన నిమ్మకాయ ఊరగాయ సీసా, దాని పక్కన గుడ్డలో చుట్టిన రింగు స్పానర్, మూర పొడవు సన్నటి ప్లాస్టిక్ ట్యూబు తీశాడు. నిపుల్‌కి తొడిగే ట్యూబు. "మామయ్యా, ఇక్కడ దొరకదనుకున్నారా?" అని నా భార్య నవ్వింది. "దొరకతాది తల్లీ. దొరికేది వేరు, అలవాటైంది వేరు" అన్నాడు.

ఆయనకి డెబ్భై నాలుగు. ఆ సీట్లోకి దించడానికి నేనూ మా అమ్మాయీ చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. "నేల మీద చాప వేసి కూసున్నట్టుండాదిరా" అన్నాడు. పెడల్ ఆయనది. నిపుల్ మా అమ్మాయిది. డబ్బాలో కొత్త డాట్-4 తగ్గకుండా పోయడం నాది. అది పెయింటు మీద పడితే పెయింటు ఊడిపోతుంది, అందుకని పక్కన బకెట్లో నీళ్ళు. మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న వెనక చక్రం నుంచి మొదలుపెట్టి ముందుకి వచ్చాం.

"తొక్కి పట్టినా!" అని నాన్న లోపల్నుంచి అరుస్తాడు. "విప్పినా!" అని మా అమ్మాయి. ట్యూబులోంచి డికాషన్, బుడగలు. "మూసినా!" "వదిలినా!" మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. ఇంట్లో మేం మాట్లాడే తెలుగుకి ఇంగ్లీషులో జవాబిస్తుంది. ఆ మధ్యాహ్నం మూడు గంటలు తిరుపతి డిపో తెలుగులో అరిచింది. మూడో చక్రానికి వచ్చేసరికి ట్యూబులో తేనె రంగు కనిపించింది.

చివరి చక్రం దగ్గర, చేతులు తుడుచుకుంటూ, మా అమ్మాయి మామూలుగా అంది: "అయితే ఇంక ఆరోజులాగా అవదు కదా నాన్నా?"

"ఏ రోజు?"

"హ్యామిల్టన్ మీద. బ్రేక్ పోయిన రోజు. నువ్వు హ్యాండ్‌బ్రేక్ లాగావు. నేను చూశాను."

నాన్న సీట్లోంచి నా వైపు చూశాడు. ఫోన్‌లో చెప్పిన స్నేహితుడు ఎవరో ఆయనకి మొదటిరోజే తెలుసనుకుంటా. కానీ పక్కన ఈ పిల్ల ఉందని తెలియదు.

"మరి అమ్మకి చెప్పలేదేం?" అన్నాను, మాట దొరక్క.

"చెప్తే కారు అమ్మించేస్తుంది."

"ఇద్దరూ దొంగలే" అన్నాడు నాన్న. "పో, చెప్పిరాపో. దీనికి గాలి తీసినాం, దానికీ తియ్యాల."

వెళ్ళి చెప్పాను. నా భార్య చాలాసేపు ఏమీ అనలేదు. అరిచి ఉంటే బాగుండేది. చివరికి, "పిల్లని పక్కన పెట్టుకుని వ్యూ బాగుందన్నావా?" అంది. దానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

బండి సంగతికొస్తే, పెడల్ గట్టిపడింది గానీ, మునుపటికంటే లోతుగా పోతోంది. దానికి కారణం తేలికే. పిస్టన్ల మొత్తం వైశాల్యం పెరిగింది, వాటిని కదిలించడానికి ఎక్కువ ఆయిల్ కావాలి, అందుకని పెడల్ ఎక్కువ దూరం పోవాలి. చాలామంది ఇక్కడ 240జెడ్‌కి వచ్చే 7/8 అంగుళాల మాస్టర్ సిలిండర్ తీసేసి 280జెడ్ఎక్స్‌ది, 15/16 అంగుళాలది వేస్తారు. పెడల్ పొట్టిదవుతుంది, అయితే కాలి బలం ఎక్కువ కావాలి. నాన్న దాని జోలికి పోనివ్వలేదు. "ముందు ఎనక చూడు" అన్నాడు. ఈ కారుకి వెనక డ్రమ్ములు. షూలు డ్రమ్ముకి దూరంగా జరిగిపోయి ఉన్నాయి. వాటిని సర్దితే సగం లోతు తగ్గింది. ఖర్చు సున్నా.

ఆ సర్దడం ఇంకో కారణానికీ అవసరం. బ్రేక్ వేస్తే బండి బరువు ముందుకి తూలుతుంది. బస్సులో నిలబడ్డవాళ్ళని అడిగితే చెప్తారు. అందుకే ముందు బ్రేకులు పెద్దవి, వెనకవి చిన్నవి. ముందు బలం పెంచి వెనకవాటిని అలాగే వదిలేస్తే ముందు చక్రాలే మొత్తం పని చేస్తాయి, వెనకవి ఊరికే తిరుగుతాయి. కొంచెం తొందరగా ముందు చక్రాలు బిగుసుకుంటాయి, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. చివరికి బండిని ఆపేది క్యాలిపర్ కాదు, రోడ్డుని పట్టుకున్న టైరు. పాత క్యాలిపర్లు బాగున్నప్పుడు కూడా చక్రాల్ని బిగించగలిగేవి. కాబట్టి నాలుగు పిస్టన్లతో ఒక్కసారి ఆగే దూరం పెద్దగా తగ్గిపోతుందని నేను చెప్పను. మాకు దక్కింది రెండు పక్కలా ఒకే పట్టు, సగం పెడల్‌కి కూడా నమ్మకంగా వచ్చే జవాబు, పేరు తెలిసిన ఇనుము.

ఖాళీ రోడ్డు మీద రెండు ఆదివారాలు పరీక్షించాను. ముందు నెమ్మదిగా, తర్వాత కొంచెం వేగంగా, మధ్యలో చల్లారనిస్తూ. స్టీరింగ్ మీద చెయ్యి వదులుగా పెట్టి బ్రేక్ వేస్తే బండి ఎటూ లాగకూడదు. లాగలేదు. చక్రాలు చేత్తో తాకి చూస్తే రెండూ ఒకే వేడి.

మే నెలలో మళ్ళీ మౌంట్ హ్యామిల్టన్ వెళ్ళాం. రెండే సీట్లు, నలుగురు మనుషులం. మా అమ్మాయికి లైసెన్సు వచ్చి రెండు నెలలైంది, ఈ కారు మీదే గేర్లు నేర్చుకుంది. పైదాకా నేను నడిపాను. పైన నాన్న, అబ్జర్వేటరీ తెల్లటి గుమ్మటం కంటే దిగే రోడ్డునే ఎక్కువసేపు చూశాడు. తిరుమలలో 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికే వాడతారు. ఆ రోడ్డు దిగొచ్చిన బస్సుల చక్రాల వాసన చూసి, డ్రైవరు ఎలా దిగాడో చెప్పేవాడట ఆయన.

"బిడ్డని దించనీ. నేను పక్కన కూసుంటా" అన్నాడు.

నా భార్య వైపు చూశాను. ఆమె కొండ వైపు చూసి, మామగారి వైపు చూసి, "మనం వెనకాలే వెళ్దాం" అంది. మినీవ్యాన్ తాళాలు నా చేతిలో పెట్టింది.

వెనకాల వెళ్తే ముందు బండిలో ఏం మాట్లాడుకుంటున్నారో వినపడదు. ఒక్కటే కనపడుతుంది, బ్రేక్ లైట్లు. మొదటి మలుపు ముందు ఎర్రగా వెలిగాయి, చాలాసేపు. రెండో మలుపు ముందు కూడా. ఆ తర్వాత పక్క సీటు అద్దం వైపు నాన్న చెయ్యి కదలడం కనిపించింది, గేరు దించమన్నట్టు. ఇంజను గొంతు మారింది. మూడో మలుపులో లైట్లు ఒక్క క్షణం వెలిగి ఆరాయి. నాలుగో మలుపులో వెలగలేదు.

"ఏ గేరులో ఎక్కితే ఆ గేరులో దిగు" అని నాన్న నాకు ఇరవై ఏళ్ళప్పుడు చెప్పాడు. నేను కార్బురేటర్ల మోజులో మర్చిపోయాను.

ఫిబ్రవరిలో నేను ఆగిన చోటు వచ్చింది. ముందు కారు దానికి కాస్త ముందే ఒకసారి ఎర్రగా మెరిసింది, నెమ్మదించింది, మలుపు తిరిగింది. నా కుడి కాలు అప్పటికే మినీవ్యాన్ బ్రేక్ మీద గట్టిగా ఉంది. నా భార్య చూసింది. "వ్యూ బాగుంది కదా ఇక్కడ" అంది.

స్మిత్ క్రీక్ వంతెన దగ్గర వాళ్ళు పక్కకి తీసి ఆపారు. నాన్న దిగడానికి ఇద్దరం చెయ్యందించాం. ఆయన నడుం పట్టుకుని, వంగి, ముందు చక్రం దగ్గర ఒక్కసారి గట్టిగా గాలి పీల్చాడు.

"వాసన లేదు" అన్నాడు మా అమ్మాయితో. "బాగా దించినావు."